రిసెప్షన్‌లో హోటలు సిబ్బందికి టిప్పు: బిల్లులో శాతం కాదు, మనుషుల లెక్క

పెళ్లి రిసెప్షన్‌కు హోటలు మాట్లాడుకునే కుటుంబాల్లో పూల రంగు మొదలుకొని వేదిక మీద కుర్చీల వరుస వరకు ప్రతిదాని మీదా చర్చ జరుగుతుంది. ఆ రాత్రి పనిచేసే సిబ్బందికి విడిగా ఎంత ఇవ్వాలన్న మాట మాత్రం చివరి అతిథి కారెక్కాక, అలసిపోయిన పెద్దవాళ్లు హాలు గుమ్మంలో నిలబడి జేబులు తడుముకునే వేళకు గానీ రాదు. అప్పుడు ఒకరు పది శాతం అంటారు, ఇంకొకరు బిల్లులోనే వేశారు కదా అంటారు, మూడో మనిషి చేతికందిన నోట్లు తీసి ఎదురుగా కనిపించిన ఇద్దరికి ఇచ్చేసి పని అయిపోయిందనుకుంటారు. ఈ మూడింటిలో ఏదీ సరైనది కాదని నా వాదన. బిల్లులో ఇంత శాతం అని లెక్కించే పద్ధతి నలుగురు కూర్చున్న రెస్టారెంటు బల్లకు సరిపోతుందేమో గానీ, వందల మంది వచ్చే విందుకు అది తప్పుడు కొలత. మన కోసం ఎంతమంది ఎన్ని గంటలు పనిచేశారన్నదే అక్కడ కొలత కావాలి. ఆ డబ్బు హాల్లో కనిపించేవాళ్లతో పాటు కనిపించనివాళ్లకూ చేరాలి. ఇది జరగాలంటే నిర్ణయం రిసెప్షన్ రాత్రి కాక, హోటలుతో ఒప్పందం మీద సంతకం పెట్టే రోజునే జరగాలి.

ఒప్పందం అంటున్నాను కనుక ముందు దాని సంగతి చూద్దాం. విందు ఒప్పందాల్లో సర్వీసు చార్జి అనే వరుస తరచుగా ఉంటుంది. దాన్ని చూడగానే సిబ్బంది వాటా మనం కట్టేసినట్టే అనిపిస్తుంది. అయితే ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తుందో ఆ వరుసను చదివి చెప్పడం కుదరదు. అమెరికా హోటళ్లలో విందు బిల్లుకు 20 శాతం పైచిలుకు సర్వీసు చార్జి కలపడం మామూలే. అదంతా వడ్డించినవాళ్లకే పోతుందని చాలామంది అతిథేయులు నమ్ముతారు. కానీ అక్కడి ఆదాయపు పన్ను శాఖ 2012లో ఇచ్చిన రూలింగులో, ఏ చెల్లింపునైనా టిప్పుగా పరిగణించడానికి నాలుగు విషయాలు చూడాలని తేల్చి చెప్పింది: ఇచ్చేవారి మీద ఒత్తిడి ఉండకూడదు, ఎంత ఇవ్వాలో వారే నిర్ణయించుకోవాలి, ఆ మొత్తం బేరసారాల వల్ల గానీ యజమాని పెట్టిన నియమం వల్ల గానీ ఖరారై ఉండకూడదు, ఎవరికి చేరాలో సాధారణంగా ఇచ్చేవారే చెప్పగలిగి ఉండాలి. ఒప్పందంలో ముందే అచ్చువేసి ఉంచిన 20 శాతం ఈ పరీక్షకు నిలవదు. పన్ను లెక్కల్లో అది హోటలు రాబడి. అందులోంచి సిబ్బందికి ఇచ్చినా, దాన్ని జీతంగానే లెక్కవేస్తారు.

అదే దేశంలో రాష్ట్రాన్ని బట్టి కథ మారుతుంది. మసాచుసెట్స్ చట్టం ప్రకారం సర్వీసు చార్జి పేరుతో వసూలు చేసినది వడ్డన సిబ్బందికే చేరాలి. న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం 2008లో, పడవల మీద విందులు నిర్వహించే ఒక సంస్థకు సంబంధించిన కేసులో, సాధారణ వినియోగదారుడు దాన్ని టిప్పుగా అర్థం చేసుకునే పరిస్థితి ఉన్నప్పుడు ఆ చార్జిని యజమాని అట్టిపెట్టుకోవడానికి వీల్లేదని అభిప్రాయపడింది. బ్రిటన్ 2023లో చేసిన టిప్పుల కేటాయింపు చట్టం 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. యజమాని చేతి మీదుగా నడిచే టిప్పులు, సర్వీసు చార్జీలు కోత లేకుండా, న్యాయమైన పద్ధతిలో సిబ్బందికి పంచాలని, అదీ వసూలైన నెల తర్వాతి నెలాఖరు లోపల జరగాలని ఆ చట్టం చెబుతుంది. ఫ్రాన్సులో 1987 నుంచి ధరల పట్టికలో వేసే ధరలోనే సర్వీసు కలిసి ఉండాలి. భారతదేశంలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న జారీ చేసిన మార్గదర్శకాలు హోటళ్లు, రెస్టారెంట్లు సర్వీసు చార్జిని బిల్లులో తమంతట తాము కలపకూడదన్నాయి. 2025 మార్చిలో దిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది.

ఇన్ని దేశాల సంగతి ఎత్తడానికి కారణం ఒకటే. బిల్లులో ఒకే రకంగా కనిపించే వరుస ఒక చోట పూర్తిగా పనివాళ్లది, ఇంకొక చోట పూర్తిగా యజమానిది, మరొక చోట సగం సగం. కాబట్టి ఎంత ఇవ్వాలని స్నేహితులను అడిగే ముందు హోటలునే అడగాలి. ఈ సర్వీసు చార్జిలో ఎంత భాగం ఆ రాత్రి పనిచేసినవాళ్లకు చేరుతుంది? ఏజెన్సీ ద్వారా ఆ ఒక్క రాత్రికే వచ్చినవాళ్లకు అందులో వాటా ఉందా? పళ్లేలు కడిగే విభాగానికీ, బల్లలు వేసి తీసే విభాగానికీ ఉందా? అడిగితే అమ్మకాల విభాగం మేనేజరు చిరునవ్వుతో "అన్నీ అందులోనే కలిసి ఉన్నాయండీ" అంటారు. అది జవాబు కాదు. మర్యాద తప్పకుండా ఇంకోసారి అడిగి, సమాధానం ఈమెయిల్లో పంపమని కోరాలి. రాసి ఇవ్వాల్సి వచ్చినప్పుడు మనుషులు మాటలు ఎంత జాగ్రత్తగా ఏరుకుంటారో ఆ ఈమెయిలు చదివితే తెలుస్తుంది. "సిబ్బంది సంక్షేమానికి వినియోగిస్తాము" అని వచ్చిందంటే, ఆ రాత్రి పనిచేసినవాళ్ల చేతికి ఏమీ రాదని అర్థం చేసుకోవచ్చు.

ఇక శాతం సంగతి. రెండు వందల మంది అతిథులతో విందు జరుగుతోందనీ, ఒక్కో అతిథి భోజనం ఖరీదు అక్కడ వడ్డించే మనిషి ఒక రోజు వేతనంతో సమానమనీ అనుకుందాం. బిల్లు 200 రోజుల వేతనం అవుతుంది. దాని మీద 20 శాతం సర్వీసు చార్జి వేస్తే 40 రోజుల వేతనం. బల్లల దగ్గరికే తెచ్చి వడ్డించే పద్ధతిలో ఇరవై మందికి ఒకరు చొప్పున వడ్డించేవాళ్లు పదిమంది, వాళ్ల చేత పని నడిపించే కెప్టెన్లు ఇద్దరు, పానీయాల దగ్గర ఇద్దరు, బల్లలు వేసి తీసేవాళ్లు ఆరుగురు, పళ్లేలు కడిగేచోట నలుగురు, వంటగదిలో ఆరుగురు, వెరసి ముప్పై మంది. అంటే సర్వీసు చార్జి నిజంగా వాళ్లకే చేరితే, ఒక్కొక్కరికీ ఆ రోజు జీతం కాక అంతకంటే ఎక్కువే మళ్లీ రావాలి. ఏ పళ్లేలు కడిగే మనిషినైనా మొన్నటి పెళ్లికి నీకు రెండు రోజుల జీతం వచ్చిందా అని అడిగి చూడండి. వసూలయ్యే మొత్తానికీ చేరే మొత్తానికీ మధ్య ఎంత దూరం ఉందో ఈ చిన్న కూడిక చూపిస్తుంది.

ఇప్పుడు అదే విందులో భోజనం ఖరీదు రెట్టింపు చేద్దాం. పదార్థాలు మారాయి, హాలు ఇంకాస్త ఖరీదైనది, అంతే. అతిథులు రెండు వందల మందే, నడిచిన అడుగులు అవే, ఎత్తిన పళ్లేలు అన్నే, పనిచేసినవాళ్లు ఆ ముప్పై మందే. శాతం లెక్కన మాత్రం టిప్పు రెట్టింపు అవుతుంది. అటువైపు, తక్కువ ధరకు బేరం కుదుర్చుకున్న కుటుంబం అదే శ్రమకు సగమే ఇచ్చి, నియమం ప్రకారమే ఇచ్చామని తృప్తి పడుతుంది. మనం బేరమాడి తగ్గించుకున్న ధర వంటవాడి చెమటలోంచి ఎందుకు తగ్గాలో ఈ శాతం పద్ధతి చెప్పలేదు. పైగా ఆ శాతం ఏ మొత్తం మీద వెయ్యాలో కూడా ఎవరికీ స్పష్టంగా తెలియదు. పన్ను కలిపాకా, కలపకముందా, హాలు అద్దె మీద కూడానా, అలంకరణ మీద కూడానా అన్న ప్రశ్నలకు ఒక్కో పెద్దమనిషి ఒక్కో జవాబు చెబుతారు.

నేను వాడే కొలత చెబుతాను. ఆ రాత్రి పనిచేసే ఒక్కో మనిషికి, ఆ ఊళ్లో ఆ పనికి ఇచ్చే ఒక రోజు వేతనాన్ని యూనిట్టుగా తీసుకుంటాను. సర్వీసు చార్జి సిబ్బందికి ఏమాత్రం చేరదని తేలితే తలా అర రోజు వేతనం. సగం సగంగా చేరుతుందంటే పావు రోజు. పూర్తిగా చేరుతుందని రాతపూర్వకంగా చెబితే, ఆ పంపకంలో లేనివాళ్లకు మాత్రం పావు రోజు. బాధ్యత మోసే కెప్టెన్లకు ఒకటిన్నర వాటా. పై ఉదాహరణలో ఏమీ చేరని పక్షంలో ఇది పదహారు రోజుల వేతనానికి లోపే. బిల్లులో ఎనిమిది శాతం కూడా కాదు. ధర రెట్టింపయిన విందులో నాలుగు శాతానికి కాస్త అటూ ఇటూ. శాతం పద్ధతితో పోలిస్తే నా లెక్క తక్కువ ఇస్తుంది కదా అని ఎవరైనా ఎత్తి చూపవచ్చు. కాగితం మీద నిజమే. కానీ ఈ మొత్తం ముప్పై మంది చేతుల్లోకి వెళ్తుంది. ఇంకా ఎక్కువ ఇవ్వగలిగినవాళ్లు ఇవ్వాలి. రోజు వేతనం మొత్తం ఇస్తే మరీ మంచిది. నా అభ్యంతరం ఇచ్చే మొత్తం మీద కాదు, దాన్ని దేనితో కొలుస్తున్నామన్న దాని మీద.

ఒక జాగ్రత్త అవసరం. టిప్పులు వస్తాయన్న నెపంతో వేతనాన్నే తక్కువగా పెట్టిన చోట ఆ తక్కువ అంకెను యూనిట్టుగా తీసుకోకూడదు. అమెరికాలో 1966లో చేసిన సవరణ, టిప్పులు వచ్చే ఉద్యోగుల కనీస వేతనంలో కొంత భాగాన్ని ఆ టిప్పులతోనే పూడ్చుకునే వీలు యజమానులకు ఇచ్చింది. సమాఖ్య చట్టం ప్రకారం అలాంటి ఉద్యోగికి యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస మొత్తం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి ఆ అంకె కదలలేదు. చాలా రాష్ట్రాలు ఇంతకంటే ఎక్కువే నిర్ణయించాయి గానీ, కొన్ని రాష్ట్రాల్లో ఇప్పటికీ అదే నడుస్తోంది. అటువంటి చోట టిప్పులు రాని మరో శారీరక శ్రమకు, గిడ్డంగిలో సరుకు మోసే పనికో మరోదానికో, ఇచ్చే వేతనాన్ని కొలతగా పెట్టుకోవాలి.

ఇంతకూ ఆ ముప్పై మంది ఎవరు? అతిథేయులకు తెలిసిన ముఖాలు నాలుగైదుకు మించవు. నల్లకోటు వేసుకుని మన పక్కనే తిరిగే కెప్టెను, ప్రధాన బల్ల దగ్గర వడ్డించిన ఇద్దరు ముగ్గురు, అంతే. కానీ రిసెప్షన్ పని అతిథులు రావడానికి చాలా గంటల ముందే మొదలవుతుంది. మధ్యాహ్నం ఆ హాల్లో ఏదో కంపెనీ సమావేశం జరిగి ఉంటుంది. దాని కుర్చీలు తీసి, గుండ్రటి బల్లలను అంచు మీద నిలబెట్టి దొర్లించుకుంటూ తెచ్చి, కాళ్లు విప్పి, గుడ్డలు పరిచి, గుడ్డ మడత గీతలన్నీ ఒకే దిక్కున ఉండేలా సర్దే మనుషులు మనం వచ్చేసరికి అక్కడ ఉండరు. మళ్లీ మనం వెళ్లిపోయాకే వస్తారు, మర్నాటి ఉదయం కార్యక్రమానికి అదే హాలును ఇంకో రూపంలోకి మార్చడానికి. పెళ్లివారికీ వాళ్లకూ ముఖపరిచయం కలిగే అవకాశమే లేదు, కనుక చేతిలో పెట్టే పద్ధతిలో వాళ్లకు ఎప్పటికీ ఏమీ రాదు.

మా ఇంట్లో జరిగిన ఒక రిసెప్షన్‌కు డబ్బు లెక్కలు చూసే పని నా మీద పడింది. విందు సగంలో ఉండగా ఏదో అడగడానికి కెప్టెన్ను వెతుక్కుంటూ హాలు వెనక రెండు రెక్కల తలుపు తోసుకుని వెళ్లాను. అది కాలితో తన్నినా తెరుచుకునేలా, అడుగున ఇనప రేకు కొట్టిన తలుపు. ఇవతల సంగీతం, అవతల మాట వినబడనంత గిన్నెల చప్పుడు. ఒక పొడవాటి స్టీలు బల్ల దగ్గర ఒకతను ఎంగిలి పళ్లేలను వరుసగా తీసుకుని, మిగిలిందంతా ఒక్క విసురులో డబ్బాలోకి తోసి, చెంచాలను సబ్బునీళ్ల తొట్టిలోకి జారవిడిచి, పళ్లేలను సైజులవారీగా దొంతర పెడుతున్నాడు. నేను నిలబడిన ఆ కాసేపట్లో అతని చెయ్యి ఆగలేదు. పక్కన కడిగే యంత్రం తలుపు ఎత్తినప్పుడల్లా ఆవిరి ముఖం మీద కొడుతుంటే, ఇంకొకామె వేడి తగ్గని గ్లాసులను వెలుతురుకు ఎత్తి చూసి, మరక కనిపిస్తే గుడ్డతో తుడిచి అరల్లో బోర్లిస్తోంది. నేల తడి, మోకాళ్ల దాకా వాళ్ల బట్టలూ తడి. టిప్పులో మీకు వాటా వస్తుందా అని అడిగాను. ఆమె నా వైపు చూడకుండానే "అది హాల్లో వాళ్లకండీ" అంది.

విందు ముగిశాక కెప్టెన్నూ అదే అడిగాను. సర్వీసు చార్జి మీకు ఎంత చేరుతుందంటే, కాసేపు తటపటాయించి, "నెల జీతంలో ఏదో పాయింట్ల లెక్క అంటారు సార్, ఈ ఫంక్షనుకు ఇంత అని మాకు తెలియదు. ఈరోజు సగం మంది బయట్నుంచి వచ్చినవాళ్లు, వాళ్లకు అదీ లేదు" అన్నాడు. మా బాబాయి అక్కడే ఉన్నారు. "బిల్లులో అంత సర్వీసు చార్జి గుంజాక మళ్లీ టిప్పేమిట్రా? ఒకే పనికి రెండుసార్లు కడతామా?" అన్నారు. "కట్టింది హోటలుకు బాబాయ్, వీళ్లకు కాదు" అన్నాను. "అయితే హోటలును అడుగు, నన్నెందుకు అడుగుతావు?" అన్నది ఆయన జవాబు. ఆ రాత్రి ఆయన్ని ఒప్పించి ఇప్పించాం గానీ, ఆయన ప్రశ్న చాలా బలమైనది. దాన్ని దాటవేసి టిప్పు గురించి రాయడం నిజాయితీ కాదు.

జీతం ఇవ్వాల్సింది యజమాని. ఆ భారాన్ని అతిథేయుడి దయ మీదికి నెడితే యజమాని లాభపడతాడు. ఇందుకు చరిత్ర సాక్ష్యం ఉంది. అమెరికా రైళ్లలో పుల్‌మన్ కంపెనీ పడక బోగీల్లో పనిచేసిన నల్లజాతి పోర్టర్లకు కంపెనీ ఇచ్చే జీతం బతకడానికి చాలేది కాదు, ప్రయాణికుల టిప్పులే ఆధారం. 1925లో వాళ్లు సంఘం పెట్టుకుని, ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో పన్నెండేళ్లు పోరాడి 1937లో కంపెనీతో ఒప్పందం సాధించారు. టిప్పు మనిషిని కించపరుస్తుందని, అది లంచానికి దగ్గరి చుట్టమని వాదించినవాళ్ల ప్రభావంతో 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పును ఏకంగా నిషేధించింది. మరికొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. 1926 నాటికి ఆ చట్టాలన్నీ రద్దయ్యాయి. నిషేధం వచ్చిపోయింది గానీ జీతాల ప్రశ్న అలాగే మిగిలింది. కాబట్టి బాబాయి మాట సూత్రంగా సరైనదే. కానీ ఆ సూత్రాన్ని అమలుచేసే చోటు ఒప్పందం కుదుర్చుకునే బల్ల. అక్కడ ఒక్క మాటా అడగకుండా, బేరమంతా మన ధర తగ్గించుకోవడానికే వాడి, అర్ధరాత్రి తడిబట్టల మనిషి ముందు నిలబడి కార్మిక న్యాయం గురించి మాట్లాడితే, ఆ సూత్రం ఖర్చు మనది కాక ఆ మనిషిది అవుతుంది.

మరో వాదన కూడా తరచుగా వినిపిస్తుంది: టిప్పు ఉంటేనే సేవ బాగుంటుంది, బాగా చేసినవాళ్లకే ఇవ్వాలి అని. కార్నెల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ లిన్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధనల్లో రెస్టారెంటు వినియోగదారులు సేవకు ఇచ్చిన మార్కులకూ టిప్పు మొత్తానికీ మధ్య సంబంధం చాలా బలహీనమని తేలింది. రెస్టారెంటులోనే అలా ఉంటే విందులో ఇంక చెప్పేదేముంది? భోజనం ఆలస్యమైందని వడ్డించినవాళ్ల మీద కోపం తెచ్చుకునే ముందు ఆలస్యం ఎక్కడ పుట్టిందో చూడాలి. తొమ్మిదింటికి వడ్డన అని హోటలుకు రాసిచ్చి, ప్రసంగాలు, ఫొటోలు ముగిసేసరికి పది చేసింది మనమే అయి ఉంటాం. ఆ గంట సేపూ వంటగదిలో సిద్ధమైన పదార్థాలు మూతల కింద ఎండిపోతుంటాయి, వడ్డించేవాళ్లు గోడవారగా నిలబడే ఉంటారు. మనిషి మర్యాద తప్పితే పేరు పెట్టి మేనేజరుకు ఫిర్యాదు రాయాలి. ఒకరి దురుసుతనానికి ముప్పై మంది కవర్లు పలచబడటం న్యాయం కాదు.

ఆలస్యం మాట వచ్చింది కనుక ఇంకొకటి. కార్యక్రమం ఒప్పుకున్న వేళ దాటితే చాలా హోటళ్లు హాలుకు అదనపు గంటల అద్దె వేస్తాయి. ఆ అద్దెలో, చివరి బస్సు తప్పిపోయిన మనిషికి ఎంత చేరుతుందో నాకు అనుమానమే. నా లెక్కలో మనవల్ల అదనంగా గడిచిన ప్రతి గంటకూ ఒక్కొక్కరికీ రెండు గంటల వేతనం కలపాలి. ఇది చెబితే కొందరు నవ్వుతారు. కానీ రిసెప్షన్లు ఆలస్యం కావడం అరుదైన ప్రమాదమేమీ కాదు, ముందే ఊహించగలిగిన విషయం. ఆ మొత్తాన్ని కూడా ముందే విడిగా తీసి ఉంచవచ్చు.

ఇవ్వకూడనివాళ్లూ ఉన్నారు. హాలు అమ్మిన మేనేజరుకు ఇవ్వనక్కర్లేదు. ఆయన పని మనకు హాలు అంటగట్టడంతోనే నెరవేరింది. మొత్తం విభాగాన్ని నడిపే మేనేజరుకు కృతజ్ఞతగా ఒక ఉత్తరం రాస్తే అది ఆయన ఉద్యోగానికి డబ్బుకంటే ఎక్కువ పనికొస్తుంది. సిబ్బంది టిప్పుల్లోంచి మేనేజర్లు, పర్యవేక్షకులు వాటా తీసుకోవడాన్ని అమెరికా సమాఖ్య చట్టం 2018 సవరణతో నిషేధించింది. ఆ నిషేధం లేని చోట కూడా పాటించదగిన నియమమిది. బార్ దగ్గర, కార్లు పెట్టే చోట, కోట్లు దాచే గది దగ్గర అతిథులే విడిగా ఇచ్చుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆ ఖర్చు అతిథేయులే పెట్టుకుంటే, ఆ సంగతి కెప్టెనుకు ముందే చెప్పి డబ్బులు వేసే గ్లాసు అక్కడినుంచి తీయించాలి.

పంపకం దగ్గరే ఎక్కువ డబ్బు దారి తప్పుతుంది. మొత్తం ఒకే కవర్లో పెట్టి కెప్టెను చేతికిచ్చి "అందరికీ చూడండి" అనడం మనకు సులువు. ఆ కెప్టెను నిజాయితీపరుడే కావచ్చు, కానీ అందరూ అంటే ఎవరో మనం చెప్పలేదు కదా. ఆయన లెక్కలో అందరూ అంటే హాల్లోవాళ్లే. అందుకని విందుకు రెండు మూడు రోజుల ముందు ఏ విభాగంలో ఎంతమంది పనిచేయబోతున్నారో హోటలును అడిగి తెలుసుకోవాలి. ప్రతి కార్యక్రమానికీ వాళ్లు వేసుకునే పని పత్రంలో అతిథుల సంఖ్య, బల్లల అమరిక, వడ్డన వేళలు ఉంటాయి. దాన్నిబట్టే మనుషులను కేటాయిస్తారు కాబట్టి ఆ సంఖ్య చెప్పడం వాళ్లకు కష్టం కాదు. విభాగానికొక కవరు, దాని మీద విభాగం పేరు, మనుషుల సంఖ్య, తలా ఎంత అన్నది పెద్ద అక్షరాలతో రాసి, కుటుంబంలో ఆ రాత్రి ఫొటోల్లో నిలబడనక్కర్లేని ఒకరికి అప్పగించాలి. ఇచ్చేటప్పుడు ఆ విభాగంలోని కనీసం ఇద్దరి ఎదుట, ఎంతమందికి ఎంతో పైకి చదివి ఇవ్వాలి. పక్కవాడి వాటా ఎంతో అందరికీ తెలిసిన చోట మాయమయ్యే డబ్బు తక్కువ.

ముందు ఇవ్వాలా, తర్వాత ఇవ్వాలా అన్నది నా దృష్టిలో చిన్న ప్రశ్నే. జపానులో మామూలుగా టిప్పు ఇవ్వరు. అయినా పెళ్లిళ్లలో సహాయపడేవారికి చిన్న కవర్లో డబ్బు పెట్టి కార్యక్రమానికి ముందే ఇచ్చే పాత ఆనవాయితీ ఉంది. ఈమధ్య చాలాచోట్ల హోటళ్లే దాన్ని వద్దంటున్నాయి. ముందు ఇస్తే ఎక్కువ శ్రద్ధ చూపుతారన్న ఆశ దానికి అంటుకుంటుంది, తర్వాత ఇస్తే తీర్పు చెబుతున్నట్టు ఉంటుంది. బల్లలు వేసేవాళ్లకు మాత్రం ముందే ఇవ్వక తప్పదు, తర్వాత వాళ్లు వచ్చే వేళకు మనం ఉండం కనుక. మిగతావాళ్లకు వడ్డన పూర్తయి, చివరి బల్లలు తీస్తున్నప్పుడు ఇవ్వడం అనుకూలం. ఇంకా ఆలస్యం చేస్తే ఏజెన్సీవాళ్లు వెళ్లిపోతారు.

కొన్ని హోటళ్లలో సిబ్బంది నేరుగా డబ్బు తీసుకోవడం నిషేధం. అక్కడ బలవంతంగా జేబులో కుక్కితే వాళ్ల ఉద్యోగానికే ముప్పు. ఆ నియమం ఉందో లేదో కూడా ఒప్పందం నాడే అడగాలి. ఉంటే, బిల్లులో సర్వీసు చార్జి కాక వేరే వరుసగా, ఈ తేదీ కార్యక్రమంలో పనిచేసిన ఫలానా విభాగాలవారికి తలా ఇంత అని రాయించి, పంచాక సంతకాల జాబితా నకలు పంపమని అడగవచ్చు. అలా రాయించడానికి హోటలు ఒప్పుకోకపోతే ఆ సర్వీసు చార్జి శాతం దగ్గరే బేరం పెట్టాలి. హాలు అద్దెలో రాయితీ అడగడానికి వాడే పట్టుదలలో కొంత అక్కడ వాడి, ఆ చార్జిని తగ్గించమని, తగ్గిన మొత్తాన్ని సిబ్బంది వరుసలోకి మార్చమని అడగాలి. మనం కట్టే మొత్తం మారదు. హోటలు దీన్ని కాదంటే ఎందుకు కాదంటోందో కూడా ఆ ఈమెయిల్లోనే రాయమనాలి. పెళ్లిళ్ల రోజుల్లో ఒకే తేదీకి హాళ్లు ఒకటికి రెండు దొరికే ఊళ్లో, ఆ జవాబును పక్కనున్న హోటలు జవాబుతో పోల్చి చూసుకునే వ్యవధి సంతకం పెట్టేదాకా మన చేతిలో ఉంటుంది.